పాపకు అంటిన వేళ్లు, ఆరో వేలు: ఎవరి దిక్కు నుంచి వచ్చినట్టు?

డిండివాగు:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దిక్కు ఊరు. మా పాపకు ఏడాదిన్నర. పుట్టుకతోనే కుడిచెయ్యి నడిమి వేలు, ఉంగరం వేలు అంటుకొని ఉన్నయి. గోర్లు మాత్రం వేరువేరు. ఎక్స్‌రే తీస్తే ఆ రెండిటి నడుమ ఇంకో సన్న బొక్క ఉందన్నరు. ఎడమ చెయ్యి మంచిగనే ఉంది. రెండు కాళ్లకూ చిటికెన వేలు పక్కన ఇంకోటి ఉంది, కాలికి ఆరు లెక్కన. మిగతా అంతా బాగనే ఉంది. ఉరుకుతది, మాటలు చెప్తది, ఇంట్ల ఒక్క గిన్నె కుదురుగ ఉండనియ్యది.

ఇప్పుడు నేను మళ్లీ నెల తప్పిన. మూడో నెల. అందుకే అడుగుతున్న.

మా ఆయన నాకు సొంత మేనబావ, మా అమ్మ అన్న కొడుకు. అత్తమ్మది బయటి సంబంధం, మిర్యాలగూడ దిక్కు. పాప పుట్టినకాన్నుంచి ఆమెది ఒకటే మాట: "మా ఇంట్ల ఇసొంటివి లెవ్వు, మీ నాయిన దిక్కు నుంచి వచ్చి ఉంటది." దానికి తోడు 2022ల దీపావళి తెల్లారి సూర్యగ్రహణం పట్టింది కదా, నాకప్పుడు ఏడో నెల. ఆ పొద్దుగూకేటప్పుడు కత్తిపీట ముందటేసుకొని బెండకాయలు కోసిన. అత్తమ్మ చూసింది. జనవరిల పాప పుట్టంగనే ఇగ చెప్పేదేముంది, వచ్చిన సుట్టానికల్లా బెండకాయల కథే. మా ఆయన అత్తమ్మకు ఎదురు చెప్పడు గానీ, "మేనరికం చేసుకున్నందుకే" అని ఎవలో దోస్తు చెప్పిండంట, అదే పట్టుకున్నడు. ఊర్లె పెద్దోళ్లు ఫ్లోరైడ్ నీళ్లంటరు.

పాపకు ఆపరేషన్ చేయిస్తం, అది మాట్లాడుకుంటున్నం. నాకు తెలియాల్సింది ఇది ఎట్ల వస్తది, కడుపులో ఉన్నదానికి కూడా వస్తదా అని. ఎవలన్న తెలిసినోళ్లు ఉంటే చెప్పుండ్రి. దయచేసి "దేవుడి మీద భారం వెయ్యి" అని మాత్రం రాయకుండ్రి, ఇంట్ల రోజూ అదే వింటున్న.

గుట్టమీది గాలి:

అక్కా, ఆరు వేళ్లంటే అదృష్టం. మా చిన్నాయినకు ఉన్నయి, పట్టిందల్లా బంగారమే. తీయించకుండ్రి.

చెల్కపొలం:

మాది మర్రిగూడ దిక్కు. మా తాత నడుం వంగి, మోకాళ్లు వంగి ఎట్ల బతికిండో చూసినోణ్ని. మా దగ్గర బొక్కల రోగం ఏదొచ్చినా ముందు నీళ్లనే అనుమానించాలె. పాప కడుపుల ఉన్నప్పుడు బోరు నీళ్లు తాగిండ్రా, నల్లా నీళ్లా?

రిటైర్డు జువాలజీ:

అమ్మా, నేను పాలమూరు దిక్కు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయిన. డాక్టర్ను కాదు. కానీ నాకు ఇది పుస్తకంలో చదివిన సంగతి ఒక్కటే కాదు. మా అమ్మకు రెండు చేతులకూ చిటికెన వేలి పక్కన బుడిపె వేలు ఉండేది. నాకూ ఉండేదట, మంత్రసాని పురిట్లోనే దారం కట్టి రాల్చింది, మచ్చ ఇప్పటికీ ఉంది. మా బిడ్డ చేతులు చూస్తే ఏమీ లేదు. ఆమె కొడుక్కు మళ్లీ వచ్చింది. "ఒక తరం దుంకి వచ్చింది" అన్నరు మావాళ్లు. దుంకలేదు. మా బిడ్డ దగ్గర కనపడకుండ ఉండి మనవడి దగ్గర బయటపడ్డది, అంతే. ఈ ముక్క యాది పెట్టుకోండి, మీ అత్తమ్మ మాటకు జవాబు ఇందులోనే ఉంది.

ముందు గ్రహణం సంగతి తేల్చేద్దాం. బిడ్డ పడ్డ నాలుగో వారంలో చేతుల మొగ్గలు వస్తయి, కాళ్లవి రెండు మూడు రోజులు వెనక. ఆరో వారంలో అరచెయ్యి చదునుగా ఉంటది, లోపల ఐదు గీతలు పడతయి. ఆ గీతల నడుమ ఉన్న కణాలు వాటంతట అవే చచ్చిపోతయి, అప్పుడు వేళ్లు విడిపోతయి. ఎనిమిదో వారం అయ్యేసరికి ఈ పని మొత్తం పూర్తి. జనవరిలో పుట్టిన పాప అంతకుముందు ఏప్రిల్‌లో పడి ఉంటది. ఏరువాక సాగే నాటికి మీ పాప వేళ్ల లెక్క ముగిసింది. దీపావళి తెల్లారి ఆ కత్తిపీట మీద తెగింది బెండకాయలు ఒక్కటే.

ఇగ నీళ్లు. చెల్కపొలం తమ్ముడి బాధ అర్థమైతది. మన ఉమ్మడి రాష్ట్రంలోని ఫ్లోరైడ్ ఊర్లలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తాకే పిల్లల గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ డాక్టర్లు 1973లోనే లాన్సెట్ పత్రికలో రాసిండ్రు. కానీ అది పుట్టినంక, ఏండ్ల తరబడి నీళ్లు తాగంగ ఎదిగే బొక్కకు పట్టేది. వేళ్ల లెక్కను మార్చదు. ఒకటే చేతికి రెండు వేళ్లు కలిపి, రెండు కాళ్లకూ సరిగ్గా ఒకే చోట వేలు పెంచడం నీళ్ల పని కాదు.

అసలు చూడాల్సింది ఏ వేలు అన్నది. క్లాసులో కూడా నేను ఇదే చెప్పేవాణ్ని: "ఆరు వేళ్లు" అని ఒక జబ్బు లేదు. వేలు ఎక్కడ మొలిచిందో దాన్ని బట్టి జన్యువు మారుతది.

బొటనవేలి పక్కన ఇంకో బొటనవేలు వస్తే చాలాసార్లు అది ఒక్క చేతికే వస్తది, ఇంట్ల ఇంకెవరికీ ఉండదు. ఇంట్ల వరుసగా వస్తే మాత్రం ఏడో క్రోమోజోములోని ఒక చోటును అనుమానిస్తరు. సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు, చిటికెన వేలు వచ్చే అంచున ఉండి, ఇటు చిటికెన వేలు, అటు బొటనవేలు అని వరుస చెప్తది. దాన్ని నడిపే స్విచ్చు ఆ జన్యువు పక్కన ఉండదు, పది లక్షల డీఎన్ఏ అక్షరాల దూరంలో ఇంకో జన్యువు కడుపులో ఉంటది. బాయి కాడ మోటరు, ఇంటికాడ స్టార్టరు ఉన్నట్టు. స్టార్టరులో ఒక్క అక్షరం మారినా మోటరు తిరగకూడని చోట తిరుగుతది, బొటనవేలు వైపు కూడా ఒక వేలు వస్తది. అమెరికాలో కీ వెస్ట్ అనే దీవిలో ఆరు వేళ్ల పిల్లులు తరతరాలుగా ఉన్నయి, వాటిలో చెడింది కూడా ఈ స్విచ్చే.

చిటికెన వేలి పక్కన ఒంటరిగా వస్తే, మా ఇంట్ల లెక్క, కొన్ని కుటుంబాల్లో జీఎల్ఐ3 అనే జన్యువు దొరుకుతది. అది కూడా ఏడో క్రోమోజోములోనిదే.

మీ పాపది ఈ రెండూ కాదనిపిస్తున్నది. చేతికి నడిమి వేలు, ఉంగరం వేలు అంటుకొని వాటి నడుమ అదనపు బొక్క, కాలికి చిటికెన వేలు దగ్గర రెండోది. ఈ జత నాకు తెలిసిన ఒక పద్ధతికి అచ్చంగా సరిపోతది. దాన్ని సిన్‌పాలీడాక్టిలీ అంటరు. రెండో క్రోమోజోములో హాక్స్‌డీ13 అనే జన్యువు ఉంది. అది తయారుచేసే ప్రొటీన్‌లో అలనిన్ అనే అమైనో ఆమ్లం వరుసగా 15 సార్లు వస్తది. ఈ రకం కుటుంబాల్లో అది 22 గానీ అంతకంటె ఎక్కువ గానీ ఉంటది. 1996లో కనిపెట్టిండ్రు. వరుస ఎంత పొడుగైతే వేళ్ల తేడా అంత ఎక్కువ. నేను పేపరు మీద చూసి చెప్తున్న, పాపను చూసిన డాక్టరు చెప్పిందే ఖాయం.

ప్రతి మనిషిలో ఈ జన్యువు కాపీలు రెండుంటయి, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. మారిన కాపీ ఏ దిక్కు నుంచైనా ఒక్కటి వస్తే చాలు, చాలావరకు కనపడతది. అట్లాంటి తల్లి లేదా తండ్రి ఉంటే ప్రతి కాన్పుకూ సగానికి సగం అవకాశం. ఆడామగా తేడా లేదు. ఇది, వంశపారంపర్యం సూత్రాలు చెప్పిన మెండెల్ కంటె ముందే ఒకాయన పట్టుకున్నడు. బెర్లిన్‌లో జేకబ్ రూహె అనే శస్త్రవైద్యుడికి కాళ్లకూ చేతులకూ ఆరారు వేళ్లు. వాళ్ల అమ్మకు ఉన్నయి, అమ్మమ్మకు ఉన్నయి. ఐదు వేళ్ల ఆమెను చేసుకుంటే ఇద్దరు కొడుకులకు మళ్లీ వచ్చినయి. మొపెర్త్యూయి అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ నాలుగు తరాల లెక్క తీసి, తల్లి దిక్కు నుంచీ వస్తది, తండ్రి దిక్కు నుంచీ వస్తదని 1752లో రాసిండు. మన అత్తమ్మలు ఇంకా అక్కడికి రాలేదు.

మేనరికం సంగతి కొంచెం మెల్లగ చదవండి, ఇందులో మెలిక ఉంది. మేనరికం వల్ల ఎక్కువయ్యేవి రెండు కాపీలూ చెడితేనే కనపడే జబ్బులు. అమ్మానాన్నలు ఇద్దరూ పైకి బాగుంటరు, ఇద్దరి దగ్గరా ఒక్కో చెడ్డ కాపీ ఉంటది, ప్రతి కాన్పుకూ 25 శాతం. ఆరు వేళ్లతో వచ్చే అట్లాంటి జబ్బులు కూడా ఉన్నయి. బార్డెట్ బీడిల్ అనేదాంట్లో అదనపు వేలుతో పాటు ఒళ్లు విపరీతంగా వస్తది, రేచీకటితో మొదలై చూపు పోతది, కిడ్నీలు దెబ్బతింటయి. ఎల్లిస్ వాన్ క్రెవెల్డ్ అనేదాంట్లో మనిషి పొట్టిగా ఉంటరు, గుండెలో రంధ్రం ఉండొచ్చు. అందుకే పాపకు గుండె, కిడ్నీ, కన్ను చూపించిండ్రా అని అడుగుతున్న. అంటిన వేళ్లు, నడుమ బొక్క మాత్రం ఆ జబ్బుల తీరు కాదు. కాబట్టి "మేనరికం చేసుకున్నందుకే" అన్న మీ ఆయన మాట, చాలావరకు, తప్పు.

మెలిక ఏందంటే మీ అమ్మా, మీ మామా ఒక్క తల్లి పిల్లలు. ఇది మీ అమ్మ దిక్కు నుంచి వచ్చిందనుకోండి, అది మీ ఆయన ఇంటిదిక్కు కూడా అయితది. అప్పుడు మీ ఆయనకు కూడా ఒక కాపీ ఉండొచ్చు.

అందుకని ఒక పని చేయండి. చేతులు కాదు, కాళ్లు చూడండి. ఈ జన్యువు ఉన్నా కొందరికి చేతులు శుభ్రంగా ఉంటయి, కాలి నాలుగో వేలు ఐదో వేలు కలిసి ఉండడమో, చిటికెన వేలు గోరు వెడల్పుగా ఉండడమో ఒక్కటే ఉంటది. మీవి, మీ ఆయనవి, మీ అమ్మానాయినలవి, మీ మామవి. ఒక తెల్లకాగితం మీద వంశవృక్షం గీసి, ఉన్నవాళ్ల గుండ్రాన్ని, చదరాన్ని నింపండి. ఆడవాళ్లకు గుండ్రం, మగవాళ్లకు చదరం. అది తెచ్చి చూపిస్తే జెనెటిక్స్ డాక్టరుకు సగం పని తప్పుతది.

కొల్లాపూర్ మామిడితోట:

అక్కా, మా బాబుకు కూడా నడిమి వేలు, ఉంగరం వేలే అంటుకొని పుట్టినయి. ఒట్టి చర్మమే, లోపల బొక్క ఏం లేదు. ఆపరేషన్ అయింది. హైదరాబాద్‌ల ప్లాస్టిక్ సర్జన్ చెప్పిన ముక్క చెప్తున్న, పనికొస్తదేమో. ఈ రెండు వేళ్లు ఇంచుమించు ఒక్క పొడుగే కాబట్టి ఏడాది దాటినంక చేసినా ఏం కాదన్నడు. అదే బొటనవేలూ చూపుడువేలూ, లేకుంటే ఉంగరం వేలూ చిటికెన వేలూ అంటుకుంటే ముందే చెయ్యాలంట, లేకుంటే పొడుగు వేలు పొట్టి వేలు దిక్కు వంకర పోతదంట.

సరిపోయేంత చర్మం ఉండదు కాబట్టి గజ్జల్లోంచి తీసి అతికిండ్రు. పట్టీ ఉన్నన్ని రోజులు వాణ్ని పట్టుడే పెద్ద పని, కాలు కిందపెడితే మన్నుల చెయ్యి పెడతడు. ఎదిగేకొద్దీ సందులో చర్మం మళ్లీ కొంచెం పైకి పాకుతది, ఇంకోసారి చెయ్యాల్సి రావొచ్చని కూడా ముందే చెప్పిండ్రు. మీ పాపకు నడుమ బొక్క ఉందంటున్నరు కాబట్టి చేతి ఆపరేషన్లు చేసీ చేసీ అలవాటున్న డాక్టర్నే చూడుండ్రి. ఆ బొక్క తీస్తే మంచిదా ఉంచితే మంచిదా అన్నది ఒక్కో చేతికి ఒక్కో తీరు ఉంటదంట.

ఇంకోటి. దారం కట్టేటోళ్ల మాట వినకుండ్రి. మా అక్క కొడుక్కు కట్టిండ్రు, చీము పట్టి బుడిపె మిగిలింది. మళ్లీ దవాఖానకే పోయిండ్రు.

గుట్టమీది గాలి:

సారుకు ఒక మాట. మా ఇంట్ల నాకు, మా అమ్మకు చేతి బొటనవేలు గోరు కురచ, వెడల్పు. అది కూడా ఇదేనా?

రిటైర్డు జువాలజీ:

అది వేరే తమ్ముడూ. కొస బొక్క ఒక్కటి కురచ అయితది. మస్తుమందికి ఉంటది, దానితో బాధ ఏమీ లేదు, పరీక్షలేమీ అక్కర్లేదు. మీ చిన్నాయిన అదృష్టం సంగతి నాకు తెల్వదు గానీ, కాలికి ఆరో వేలు ఉంటే చెప్పు పట్టదు. ఆ పాప రేపు బడికి బూట్లేసుకొని పోవాలె.

డిండివాగు:

సార్, మీరు చెప్పినట్టే చూసిన. ముందు నా కాళ్లే చూసుకున్న. నాకు కుడికాలు నాలుగో వేలు, చిటికెన వేలు సగం దాకా కలిసే ఉన్నయి! చిన్నప్పటి నుంచి గట్లనే ఉన్నయి, అందరికీ గట్లనే ఉంటయనుకున్న. పెళ్లిల మట్టెలు తొడిగిండ్రు, పారాణి పెట్టిండ్రు, ఒక్కలు కూడా అనలేదు. అమ్మకు ఫోన్ చేసి అడిగితే ముందు కసిరింది, తర్వాత "నాకూ ఎడమకాలికి ఉంది, అయితేంది" అన్నది. నాయినకు ఏం లేదు.

అసలు ముచ్చట మామది. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చూసిన. రెండు కాళ్లకూ చిటికెన వేలు వెడల్పుగ ఉంది, గోరు నడుమ గీత పడి రెండు గోర్లు అతికినట్టు కనపడుతున్నది. ముప్పై ఏండ్ల పైన కాపురం చేసిన అత్తమ్మ ఒక్కనాడూ చూడలే. చూపిస్తే "అది నాగలి తాకి అయింది" అన్నది. రెండు కాళ్లకూ ఒక్క తీరుగ తాకిందా అని మా ఆయనే అడిగిండు, నేను అనలే.

మా ఆయన కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయి. పాపకు గుండె స్కానింగ్ పుట్టినప్పుడే తీసిండ్రు, బాగుందన్నరు. కిడ్నీ, కన్ను చూపించలే. ఇప్పుడు నా కడుపుల ఉన్నదానికి సగం అవకాశమేనా? మా ఆయనకు కూడా ఉంటే ఏమైతది?

రిటైర్డు జువాలజీ:

మీ అమ్మ, మామ, మీరు, పాప. నాలుగు బొమ్మలు నిండినయి. మీ అమ్మమ్మకో తాతకో ఉండి ఉండాలె.

మీ ఆయనకు లేకుంటే సగం సగం, అంతే. వచ్చినా పాపకు వచ్చినట్టే రావాలని లేదు. మీ లెక్క కాలికి ఒక అతుకుతో పోవచ్చు, రెండు చేతులకూ రావచ్చు. ఒక్క ఇంట్లనే ఇంత తేడా ఉంటది, మీ కాళ్లూ పాప చెయ్యీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తది.

మీ ఆయనకు కూడా కనపడకుండ ఉంటే లెక్క మారుతది. నాలుగింట ఒకటి ఏమీ రాదు, నాలుగింట రెండు ఒక కాపీతో మీలాగ, పాపలాగ. మిగిలిన ఒకటి రెండు కాపీలూ వచ్చేది, అందులో చేతులు కాళ్లు చాలా కురచగా, అరచేతి బొక్కలే మారిపోయి ఉంటయి. దగ్గరి సంబంధాలు చేసుకునే కుటుంబాల్లో ఇట్లాంటివి టర్కీలోనూ, మన ఉపఖండంలోనూ చూసి రాసిండ్రు. మేనరికానికి మీ సంగతిలో నిజంగా పని పడేది ఇక్కడ ఒక్కచోటే. భయపెట్టడానికి చెప్తలేను, మీ ఆయనకు పరీక్ష ఎందుకు ముఖ్యమో చెప్తున్న.

మీరు మాత్రం ఇప్పుడు ఎక్స్‌రే తీయించుకోకండి, మూడో నెల. మీ కాలు కండ్లతోనే కనపడుతున్నది, ఇంకా ఏం కావాలె. మీ ఆయనకు రెండు పాదాలకూ, రెండు చేతులకూ తీయించండి, పైకి బాగున్నా లోపల బొక్క ఆకారం మారి ఉండొచ్చు. అది కూడా శుభ్రంగా ఉందంటే ధైర్యమే గానీ ఖాయం కాదు, మా బిడ్డ సంగతి చెప్పిన కదా. రక్తపరీక్షతోనే తేలుతది.

పరీక్షకు హైదరాబాద్ పోవాలె. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ వాళ్లతో కలిసి చేస్తరు. బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్, దవాఖాన కూడా ఉన్నయి. ముందు పాప రక్తం, అందులో దొరికితే మీ ఇద్దరిదీ. ఒక్క మాట డాక్టరును తప్పకుండ అడగండి: "హాక్స్‌డీ13లో అలనిన్ వరుస పొడుగును విడిగా కొలుస్తరా?" అని. మొత్తం జన్యువులను ఒక్కసారి చదివే ఎగ్జోమ్ పరీక్షలో ఇట్లా ఒకే ముక్క మళ్లీ మళ్లీ వచ్చే చోటు తప్పిపోయే అవకాశం ఉంది. "ఏమీ లేదు" అని రిపోర్టు వస్తే అదే ఖాయం అనుకోకండి.

ఇగ కడుపులో బిడ్డ. పాప రిపోర్టు చేతికొస్తే తప్ప ఉమ్మనీరు తీసి చూసి లాభం లేదు, దేని కోసం వెతకాలో తెలియాలె కదా. అది పదహారో వారం దగ్గర నుంచి చేస్తరు, కొద్దిపాటి గర్భస్రావం భయం ఉంటది. అది చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇద్దరి ఇష్టం, అత్తమ్మది కాదు, నాది అసలే కాదు. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫ్ఫా స్కాన్ తీస్తరు, అప్పుడు వేళ్లు, పాదాలు ప్రత్యేకంగా చూడమని ముందే చెప్పండి. బిడ్డ గుప్పిట మూసుకుంటే వేళ్లు కనపడవు, మళ్లీ పిలిస్తే విసుక్కోవద్దు. రెండు కాపీలంత పెద్ద తేడా ఉంటే కనపడే అవకాశం ఎక్కువ, కాలికి చిన్న అతుకు ఉంటే తప్పిపోతది. ఫోలిక్ ఆసిడ్ మాత్రలు వేసుకోండి, కానీ అవి వేరే పనికి, దీనికి కాదు.

డిండివాగు:

పాపను తీసుకొని వచ్చే వారం నిమ్స్‌కు పోతున్నం సార్. మా ఆయన ఎక్స్‌రేకు ఒప్పుకున్నడు. మామనే రానంటున్నడు, "నా కాలికేమైంది, నలభై ఏండ్లు ఎవుసం చేసిన" అని.

రిటైర్డు జువాలజీ:

ఆయన రాకున్నా నడుస్తది. ఫోన్‌లో ఆ రెండు పాదాలకూ పై నుంచి ఒక ఫొటో, అడుగు నుంచి ఒకటి తీసి పెట్టుకోండి. కాళ్లు కడుక్కున్నంక, ఎండ వెలుతురులో.